ధర్మలుప్తోపమ: ఐరోపా మతసంస్కరణమును తెలుగు సాహిత్యవిమర్శయు

కొంతకాలము క్రిందట ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంతగ్రంథములోని మొదటి ప్రకరణమును మాకు చూపెను. పాలకురికి సోమనాథుడు ఆంధ్రుల మార్టిన్ లూథరు అను వాక్యము అందు కలదు. ఈ మాటకు ఆధారమేమని యడిగితిమి. ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటపై పరచిన పాతపుస్తకములలో దొరకినదని చెప్పి, అతడొక ఐరోపా చరిత్రను చూపెను. ఆ గ్రంథమున లూథరు కలడు, సోమనాథుడు లేడు. ఇరువురిని కలిపిన సాహసము విద్యార్థిదేయని తలచితిమి. కాని ఇంటికి వచ్చి మా సిద్ధాంతగ్రంథమును తెరచి చూడగా, వేమనను గూర్చి ఇంచుమించుగా అట్టి వాక్యమే అందును కనబడెను. ఆనాటి పరీక్షకులు దానిని ప్రశ్నింపలేదు; మేమును ప్రశ్నించుకొనలేదు. ఈ వ్యాసమునకు అదియే ప్రేరణము.

ఉపమకు ఉపమేయము, ఉపమానము, సాధారణధర్మము, ఉపమావాచకము అని ఆలంకారికులు నాలుగంగములు చెప్పిరి. నాలుగును ఉన్నచో పూర్ణోపమ. ఏదేని లోపించినచో లుప్తోపమ. ముఖము చంద్రునివంటిది అన్నప్పుడు ఆహ్లాదకత్వమను ధర్మము వాచ్యము కాదు. సహృదయుడు దానిని తానే గ్రహించును. కావ్యమున ఈ లోపము శోభాకరమే. విమర్శలో అట్లు కాదు. సోమనాథుడు లూథరువంటివాడు అన్నచో ఏ ధర్మముచేత? దేశభాషను ఆదరించుటచేతనా, పురోహితాధిక్యమును నిరసించుటచేతనా, కొత్త సంఘమును నిర్మించుటచేతనా? వాక్యము చెప్పదు. చదువరి తనకు నచ్చిన ధర్మమును తాను పూరించుకొనును. అందుచేతనే అందరును అంగీకరింతురు, ఒక్కరును పరీక్షింపరు. మన విమర్శలోని లూథరు ఉపమ ధర్మలుప్తోపమయనియు, లోపించిన ఆ ధర్మమును వెదకి నిలుపకున్నచో అది మన కవులను మనకు తెలుపుటకు మారుగా కప్పిపుచ్చుననియు నిరూపించుట మా ఉద్దేశము.

ఈ పోలిక తెలుగువారిది మాత్రమే కాదు. మహాదేవ గోవింద రానడే 1900లో ప్రకటించిన మహారాష్ట్ర రాజ్యాభ్యుదయ చరిత్రలో, ఆ దేశపు భక్తకవుల ఉద్యమమును ఐరోపా ప్రొటెస్టంటు ఉద్యమముతో పోల్చెను. ఆయన పోలికకు ఒక ప్రయోజనము కలదు: భక్తి నుండి జాతీయైక్యము, అందుండి రాజ్యము పుట్టెనని చూపుట. అంగీకరించినను అంగీకరింపకున్నను, అందు సాధారణధర్మము స్పష్టము. మన వాక్యములలో పోలిక మిగిలెను, ప్రయోజనము జారిపోయెను.

ఉపమానము

హైదరాబాదు విద్యార్థికి ఈ ఉపమానము కేవలము పుస్తకములలోనిది కాదు. నాంపల్లి రైల్వేస్టేషను నుండి బయలుదేరి చాపెల్ రోడ్డు, ఆబిడ్సు, గన్‌ఫౌండ్రీ ప్రాంతములను నడచి చూచినచో, ఐరోపా క్రైస్తవము చీలిన చీలికలు కట్టడములై నిలిచి కనబడును. గన్‌ఫౌండ్రీలో రోము పీఠమునకు విధేయమైన సెయింట్ జోసఫ్ దేవాలయము. ఆబిడ్సులో ఆంగ్లికను సంప్రదాయమున వెలసిన సెయింట్ జార్జి దేవాలయము. చాపెల్ రోడ్డు ప్రాంతమున, 18వ శతాబ్దిలో ఆంగ్లికను సంఘము నుండియే పుట్టిన మెథడిస్టుల సంస్థలు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, ఐరోపాలో విడిపోయిన శాఖలు కొన్ని మన దేశమున ఒకటయ్యెను. సెయింట్ జార్జి దేవాలయము అందు చేరినది. అమెరికను మెథడిస్టుల శాఖ వేరుగనే యుండెను. మతసంస్కరణమను ఏకవచనము వెనుక ఎంత బహుత్వము కలదో ఈ చిన్న నడకయే తెలుపగలదు.

ఆ బహుత్వమునకు మూలమైన ఘట్టములను స్మరింతము. 1517లో విట్టెన్‌బర్గున లూథరు పాపపరిహారపత్రముల విక్రయమును ఖండించుచు 95 సూత్రములను ప్రకటించెను. 1521లో వర్మ్సు నగరమున చక్రవర్తి సమక్షమున తన మాటలను ఉపసంహరించుకొననని చెప్పెను. అంతట శాక్సనీ ప్రభువు ఫ్రెడరికు అతనిని వార్ట్‌బర్గు కోటలో దాచి కాపాడెను. ఆ కోటలోనే అతడు బైబిలు కొత్తనిబంధనమును జర్మను భాషలోనికి తెచ్చెను. అది 1522లో అచ్చయ్యెను; బైబిలంతయు 1534లో వెలువడెను. ఒక ప్రమాణగ్రంథము, ఒక ముద్రణయంత్రము, ఒక రక్షకప్రభువు: ఈ మూడును కూడినందుననే ఒక సన్యాసి అసమ్మతి ఉద్యమమయ్యెను. అంతకు నూరేండ్లకు ముందు బొహీమియాకు చెందిన యాన్ హుస్ ఇట్టి విమర్శలనే పెక్కింటిని చేసెను. అభయపత్రమును నమ్మి కాన్‌స్టాన్సు సభకు వెళ్లి, 1415లో సజీవముగా దహింపబడెను.

ప్రభువు రక్షణ ఉచితము కాదు. 1524, 1525 సంవత్సరములలో జర్మను రైతులు తిరుగబడి, తమ కోరికలకు సువార్తయే ప్రమాణమనిరి. లూథరు ప్రభువుల పక్షమున నిలిచి, తిరుగుబాటును నిర్దాక్షిణ్యముగా అణచుడని వ్రాసెను. 1543లో యూదులను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము ద్వేషపూరితము. 1555లో ఆగ్స్‌బర్గు సంధి, రోమను కథోలిక మతము, లూథరు మతము అను రెంటిలో ఏలిక దేనిని అవలంబించునో దేశమునకు అదియే మతమని నిర్ణయించెను. ఫ్రాన్సులో 1562 నుండి మతయుద్ధములు సాగెను. 1572లో సెయింట్ బార్తొలొమ్యూ పర్వదినమున పారిసులో ప్రొటెస్టంటుల ఊచకోత జరిగెను. 1598లో నాంటు శాసనము వారికి కొంత రక్షణ కల్పించెను. 1685లో పదునాల్గవ లూయీ ఆ శాసనమును రద్దుచేసెను. 1618 నుండి 1648 వరకు ముప్పదేండ్ల యుద్ధము జర్మను దేశములను పాడుచేసెను. ఉపమానమును గ్రహించువారు దీనినంతయు గ్రహింపవలెను. వెన్నెలను మాత్రము తీసికొని కళంకమును విడుచుట కవికి చెల్లును, చరిత్రకారునకు చెల్లదు.

సోమనాథుడు

ఉపమేయమునకు వత్తము. 12వ శతాబ్దిలో కల్యాణమున బిజ్జలుని మంత్రియైన బసవేశ్వరుని ఉద్యమమును తెలుగున కావ్యముగా నిలిపినవాడు పాలకురికి సోమనాథుడు. బసవపురాణమును, పండితారాధ్యచరిత్రమును ఆయన ద్విపదలో రచించెను. చంపూమార్గమును కాదని దేశిని, జానుతెనుగును ఎన్నుకొనుట బుద్ధిపూర్వకమైన పని. ఇట్టి ఎన్నిక లూథరునందును కలదు. ఇరువురును పండితభాష రానివారు కారు. లూథరు లాటినున పెక్కు వ్రాసెను. సోమనాథుడు సంస్కృతమున భాష్యము రచించెను. తెలిసిన పెద్దభాషను ప్రక్కకు పెట్టి, వినువారి భాషను ఎన్నుకొనుట యను ధర్మము ఇరువురకును సాధారణమని నిస్సంశయముగా చెప్పవచ్చును.

కాని ఆ భాషతో వారు చేసిన పనులు వేరు. లూథరు చేసినది అనువాదము. ప్రమాణము ముందే గ్రంథరూపమున కలదు. దానిని ప్రజల చేతికిచ్చుట ఆయన కార్యము. సోమనాథుడు వేదమును తెనిగింపలేదు. ఆయనకు ప్రమాణము భక్తుని జీవితము. అందుచేత బసవపురాణము ఒక్క నాయకుని కథగా సాగదు. కథలో కథగా పెక్కుమంది భక్తుల చరిత్రలు దానిలో చేరును. చాకలి, కుమ్మరి, వేటకాడు మొదలగువారు ప్రమాణపురుషులగుదురు. ఆ గ్రంథనిర్మాణమే ఒక సిద్ధాంతము. దాని వ్యాప్తియు వేరు. అచ్చుపుస్తకము ఒంటరి పాఠకుని వెదకును. ద్విపద గానము చేయు గొంతును, వినెడు గుంపును వెదకును. అనువాదకుడగు లూథరుతో పోల్చి ముగించినచో, బసవపురాణము కథాసముచ్చయముగా ఏల నిర్మింపబడెనను ప్రశ్నయే పుట్టదు. సోమనాథుని విషయమున అడుగవలసిన మొదటి ప్రశ్న అదియే.

మరియొక సామ్యము కలదు. దానిని మనవారు సాధారణముగా చెప్పరు. బసవపురాణమున జైనులపట్ల చూపిన వైరము తీవ్రమైనది. పరమతధ్వంసమును భక్తిగా కీర్తించిన కథలు అందు కలవు. తమ సంఘములో సమత్వము, పరసంఘముపట్ల కాఠిన్యము అను ఈ జంటగుణము లూథరునందును చూచితిమి. ధర్మము లోపించిన ఉపమలో మెచ్చదగినది మాత్రము మిగులును, మెచ్చరానిది తొలగును. పోలిక నిజముగా ఫలించు చోటనే దానిని మనము వాడుట మానితిమి.

ముద్రణము, వేమన

ఐరోపా మతసంక్షోభము తెలుగును నిజముగా తాకిన సందర్భమొకటి కలదు. అది ఉపమ కాదు, ఘటన. బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరీ 1719లో తరంగంబాడికి వచ్చి, 1726 నుండి మద్రాసులో పనిచేసెను. 1728లో లాటినున తెలుగు వ్యాకరణమును రచించెను. అది 1984లో గాని అచ్చుకు రాలేదు. ఆయన 1743లో స్వదేశమునకు మరలి, 1746, 1747 సంవత్సరములలో జర్మనీలోని హాలె నగరమున తెలుగున క్రైస్తవమత పుస్తకములను అచ్చువేయించెను. తెలుగు అచ్చుపుస్తకములలో ఇవి మొదటివి. హాలె, లూథరు మతములోనే అంతశ్శుద్ధిని కోరి బయలుదేరిన పైటిస్టు శాఖకు కేంద్రము. అచ్చటనే 1745లో ఆయన రచించిన హిందూస్తానీ వ్యాకరణమును వెలువడెను. నేటి హైదరాబాదు వీథులలో వినబడు రెండు ప్రధానభాషలును జర్మనీలోని ఒకే నగరమున, ఒకే మతశాఖ ప్రయత్నముచేత అచ్చునకు ఎక్కుట గమనింపదగినది.

అయినను ఆ తెలుగు పుస్తకములచేత తెలుగుదేశమున ఉద్యమమేదియు పుట్టలేదు. మన వాఙ్మయచరిత్రలలో అవి ముద్రణచరిత్రకు సంబంధించిన విశేషముగా మాత్రమే మిగిలినవి. కారణము స్పష్టము: అచ్చు కలదు, దానికై ఎదురుచూచు పాఠకసంఘము లేదు. లూథరు చరిత్రలోని మూడంశములలో ఒక్క ముద్రణయంత్రమును వేరుచేసి తెచ్చినచో ఫలమెంతయో ఈ ఘటన చూపుచున్నది.

వేమన స్థితి దీనికి విపరీతము. ఆయన పద్యములకు అచ్చు లేదు, సంఘము కలదు. అవి నోటినుండి నోటికి, తాటాకునుండి తాటాకునకు వ్యాపించెను. ఫ్రెంచి కథోలిక మతగురువైన దుబోయి గ్రంథములోని ప్రస్తావనచేత చార్లెస్ ఫిలిప్ బ్రౌను దృష్టి వేమనపై పడెను. బ్రౌను వ్రాతప్రతులను సేకరించి, ఆంగ్లానువాదముతో 1829లో 693 పద్యములను, 1839లో 1164 పద్యములను ప్రకటించెను. ఆయన కలకత్తాలో పేరుపొందిన ఆంగ్లికను మతగురువు డేవిడ్ బ్రౌను కుమారుడు. ఆ కృషికి తెలుగుజాతి ఋణపడియున్నది. అందు సందేహము లేదు. కాని ఒక్క విషయమును మరువరాదు. విగ్రహారాధనమును, పురోహితులను నిరసించు పద్యములు ప్రొటెస్టంటు వాతావరణమున పెరిగిన చదువరికి వెంటనే పరిచితములుగా తోచును. యోగమర్మములను, రసవాదమును చెప్పు పద్యములు అట్లు తోచవు. వేమన లూథరువలె కనబడుటకు వేమన ఒక్కడే కారణము కాకపోవచ్చును. చూచిన కన్నును కారణము కావచ్చును. పైగా లూథరు రచనలకు తేదీలును, అచ్చుప్రతులును కలవు. వేమన పద్యములలో ఏవి వేమనవి, ఏవి పరులవి అనునదియే తీరని చర్చ. ఉపమేయము ఇంకను నిర్ణయింపబడకుండగనే ఉపమానము నిర్ణయమైనది! మా సిద్ధాంతగ్రంథములోని వాక్యమునందు మేము చేసిన దోషమిదియే.

గోలకొండ

లూథరు ఉపమలో గూఢముగా ఒక సూత్రము కలదు: దేశభాషాభిమానమును మతవిప్లవమును కవలలు. గోలకొండ సాహిత్యము ఈ సూత్రమును పరీక్షించుటకు తగినది, కాలమును సరిపోవును. వర్మ్సు సభకు మూడేండ్లకు ముందు, 1518లో కులీ కుతుబ్‌షా గోలకొండలో స్వతంత్రుడయ్యెనని చెప్పుదురు. ఆగ్స్‌బర్గు సంధి జరిగిన 1555లో గోలకొండను ఏలుచున్నవాడు ఇబ్రహీం కుతుబ్‌షా. ఆయన పాలనము 1550 నుండి 1580 వరకు. మన కవులు ఆయనను మల్కిభరాముడనిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును అమీన్‌ఖానునకు అంకితమిచ్చెను. తత్సమములను విడిచి అచ్చతెనుగున రచింపబడిన మొదటి కావ్యమని ప్రసిద్ధి చెందినది అది.

ఈ విషయము ఆలోచింపదగినది. తెనుగుదనమును పరాకాష్ఠకు చేర్చిన ఈ ప్రయత్నము ఏ మతవిప్లవము నుండియు పుట్టలేదు. కథ మహాభారతములోని యయాతి కథ, మార్గము ప్రబంధమార్గము, కృతిభర్త మహమ్మదీయ ప్రభువు. దేశభాషకు పట్టముగట్టుటకు మతమును ధిక్కరించుట ఆవశ్యకము కాదని యయాతిచరిత్రము నిరూపించుచున్నది. సోమనాథుని జానుతెనుగును, తెలగనార్యుని అచ్చతెనుగును ఒక్క పేరుతో పిలువరాదనియు తెలియుచున్నది. మొదటిది వినువారికొరకు, రెండవది విద్వత్సభకొరకు. భాషాభిమానము రెండింటను కలదు, ప్రయోజనము వేరు.

ఇచ్చట దీనికి ఎదురైన మరియొక సులభవాక్యము మనలను పిలుచును: ఐరోపా కాలుచుండగా గోలకొండ సహనమునకు నిలయమై యుండెనని. ఇదియు ధర్మలుప్తమే. కృత్యంకితము శాసనము కాదు. నాంటు శాసనము వ్రాతలోనున్న చట్టము. అయినను రాజు తలచినంతనే 1685లో పోయెను. గోలకొండలో అట్టి చట్టమును ఉన్నట్లు కానము. కవి గౌరవము ప్రభువు మనస్సును బట్టి నిలిచెను. తానాషా కొలువున మహామంత్రియైన మాదన్న, ఆయన సోదరుడు అక్కన్న 1686లో చంపబడిరి. 1687లో కోట ఔరంగజేబు వశమయ్యెను. నాంపల్లి యూసుఫైన్ దర్గాలోని మహనీయులిరువురు ఆ సైన్యముతో వచ్చినవారే యని ప్రతీతి. ముట్టడించినవారి సమాధులయొద్ద నేడు ఆ నగరపు సకలమతములవారు మ్రొక్కుచున్నారు. చరిత్ర మన ఉపమలకు ఇంత సులభముగా లొంగదు.

ఉపసంహారము

అట్లయిన ఈ పోలికను పూర్తిగా విడువవలెనా? విడువనక్కరలేదు. హైదరాబాదులోనే దానికొక సార్థకప్రయోజనమును చూపవచ్చును. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున మొదట బోధనభాష ఉర్దూ. అందుకై 1917లోనే అనువాదసంస్థ ఏర్పడెను. ఐరోపా చరిత్రలును ఉర్దూలోనికి వచ్చెను. జర్మనులు లాటినును కాదని తమ భాషలో బైబిలు చదువుకొన్న కథను తెలుగు విద్యార్థి తనది కాని భాషలో చదువవలసివచ్చెను. అచ్చట ఉపమేయము కవి కాదు, చదువరి. సాధారణధర్మము మాతృభాషలో జ్ఞానమును పొందు హక్కు. 1943లో స్థాపింపబడి, ఆబిడ్సు తిలక్ రోడ్డున నిలిచిన సారస్వత పరిషత్తు తెలుగున పరీక్షలు పెట్టినది ఆ హక్కుకొరకే. ఇట్లు ధర్మమును నిలిపి చెప్పిన పోలిక పూర్ణోపమ. దానిని ఎవరైనను పరీక్షింపవచ్చును.

ఉపమను ఆశ్రయింపని మార్గమును ఈ నగరముననే కలదు. తెలంగాణమున కవులు లేరను ఆక్షేపమునకు సురవరం ప్రతాపరెడ్డి ఎవరితోను పోలిక చెప్పి బదులీయలేదు. 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి 354 మంది కవులను చూపెను. 1949లో వెలువడిన ఆయన ఆంధ్రుల సాంఘికచరిత్ర, కావ్యములలోని తిండి, బట్ట, ఆట, మ్రొక్కు మొదలగు వానిని సాక్ష్యములుగా కూర్చినది. తెలుగున కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారము మొదట, 1955లో, దానికే లభించెను. సోమనాథుని ఆ గ్రంథము చదివినట్లు చదువవలెను. అప్పుడు ఆయన ఎవరివంటివాడో చెప్పుటకు ముందు, ఆయన ఎవరో తెలియును.

పరిశోధక విద్యార్థులకు ఒక చిన్న పరీక్షను సూచించెదము. లూథరు పేరు వచ్చిన వాక్యమును మీ ప్రకరణమునుండి కొట్టివేసి చదువుడు. కవిని గూర్చి తెలిసిన విషయమేదేని దానితో పోయినచో, ఆ విషయమునే వాక్యముగా వ్రాసి పోలికను దానికి తోడుగా ఉంచుడు. ఏమియు పోనిచో కొట్టివేత నిలువనిండు. మా గ్రంథములోని వాక్యముపై ఈ పరీక్ష చేసితిమి, ఏమియు పోలేదు. మొదట చెప్పిన విద్యార్థి తన వాక్యమును కొట్టివేసి, దాని స్థానమున బసవపురాణములోని భక్తకథల కూర్పును గూర్చి పదునాలుగు పుటలు వ్రాసి తెచ్చెను. అవి మాకు సోమనాథుని గూర్చి తెలియని సంగతులను తెలిపినవి.